బడి తాళం చెవి ఎవరి దగ్గర ఉండాలి?

అందరికీ నమస్తే. సర్పంచ్ గారు పది నిమిషాలే అన్నారు కాబట్టి నేరుగా తాళం చెవి సంగతికే వస్తా. బడి లేని వేళల్లో గ్రౌండ్, ఒక గది ఊరివాళ్లకు తెరవాలన్నది నా మాట.

మన బడి సాయంత్రం మూతపడుతుందని అనుకుంటున్నాం గానీ, సోమవారం పొద్దున వరండాలో ఖాళీ సీసాలు ఏరే స్కావెంజరమ్మను అడగండి, మూతపడుతుందో లేదో ఆమె చెబుతుంది. గోడ దూకేవాడికి తాళంతో ఏం పని? గేటు దగ్గర ఆగిపోయేది కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి, అంటే పరుగు లాంటి పరీక్షలకి, తయారయ్యే ఆడపిల్ల. లోపల గ్రౌండ్ ఖాళీగా ఉంటే ఆ పిల్ల తెల్లవారుజామున ఐదింటికి దేవరకొండ రోడ్డు మీద లారీల పక్కన పరుగెత్తుతోంది.

విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదికి 220 రోజులు, 1,000 గంటల చదువు ఉండాలి. ఏడాదికి గంటలేమో 8,760. మిగతా గంటలు గదులన్నీ ఖాళీయే. 2022 మార్చిలో మన పక్క వనపర్తిలోనే సర్కారు బళ్లు బాగుచేసే 'మన ఊరు - మన బడి' పథకం మొదలైంది, కొన్ని బళ్లకు రంగులు, కొత్త బెంచీలు వచ్చాయి, మంచిదే, అవి కూడా నాలుగున్నర తర్వాత తాళంలోనే. 2020 జాతీయ విద్యా విధానమైతే బడి లేని వేళల్లో భవనాన్ని ఊరి పనులకు వాడుకోవచ్చని రాసే పెట్టింది.

మరి పెద్దసారు, అదే హెడ్మాస్టరు, ఎందుకు ఒప్పుకోరు? ఆయన్ని తిట్టకండి. ఫ్యాన్ రెక్క వంగినా, కంప్యూటర్ పోయినా పైనుంచి వచ్చే మెమో ఆయన పేరు మీదే వస్తుంది. నేను పనిచేసిన ఒక బడిలో పెళ్లివాళ్లకు రెండు గదులిస్తే మర్నాడు బోరు స్టార్టరే లేదు, జవాబు చెప్పుకుంది మేమే. (వడ్లు ఆరబోసిన గ్రౌండ్‌లో పిల్లలు వారం రోజులు ఆడుకోలేదు, అదింకో కథ.)

అందుకే బడంతా అడగొద్దు. గ్రౌండ్, ఒక గది, ఒక బాత్రూమ్, నల్లా, అంతే. కంప్యూటర్ గది, ఆఫీసు రూము జోలికి పోవద్దు. పెళ్లిళ్లు, పార్టీ మీటింగులు వద్దు. రెండో తాళం చెవి బడి పనులు చూసే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ దగ్గర ఉండాలి, దాని అధ్యక్షురాలు మహిళా సంఘం మనిషే కాబట్టి ఎవరు ఎప్పుడు తీసుకున్నారో రిజిస్టర్‌లో రాయించడం ఆమెకు కొత్త కాదు. కరెంటు, ఊడ్చే ఖర్చు పంచాయతీ భరిస్తానని తీర్మానం రాసి పెద్దసారు చేతికి ఇవ్వాలి, నోటిమాట చాలదు.

ముందు పొద్దున ఐదు నుంచి ఏడు దాకా గ్రౌండ్ తెరుద్దాం. గది సంగతి దసరా తర్వాత చూద్దాం. తీర్మానం కాగితం ఇదిగో, కార్యదర్శి గారు, పెన్ను మీ దగ్గరుందా?