నాకు ఒక్క ఆదివారం ఇవ్వండి
(గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగ పాఠం, నవంబర్ 2025)

వేదిక మీద ఉన్న పెద్దలకు, మన లైబ్రేరియన్ మేడమ్ గారికి, రోజూ పొద్దున్నే వచ్చి పేపర్ చదివే పెద్దమనుషులకు, పోటీ పరీక్షలకు చదువుకుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్కారం. కరపత్రంలో నా పేరు పక్కన ‘డిజిటల్ యుగంలో గ్రంథాలయాలు’ అని వేశారు. దాని మీద నాకంటే బాగా మాట్లాడేవాళ్లు ఈ వేదిక మీదే ఉన్నారు. నేను ఈ హాలు వెనక గదిలో, పాత దుప్పటి కింద ఉన్న నాలుగు కంప్యూటర్ల గురించి మాట్లాడతాను. నాకిచ్చిన పదిహేను నిమిషాలూ వాటికే.

పోయిన నెల మేడమ్ గారు ఫోన్ చేశారు. “మాస్టారూ, అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ అయిపోయిందట. మన వాటికి విండోస్ 11 ఎక్కదట. పాత సామాను కింద తీసేయమంటున్నారు” అన్నారు. సపోర్ట్ అయిపోవడమంటే కంపెనీ మామూలుగా ఇచ్చే భద్రతా అప్‌డేట్లు ఆగిపోవడం. ఫోన్ పెట్టేశాక నాకు చాలాసేపు ఏ పనీ తోచలేదు. ఎందుకంటే ఈ మాట నేను ఇదివరకే ఒకసారి విన్నాను.

2014. అప్పుడు నేనొక ప్రైవేటు స్కూల్లో కంప్యూటర్ టీచర్‌ని. స్కూలు పేరు వద్దు. ఆ ఏడాది ఏప్రిల్ 8న విండోస్ ఎక్స్‌పీకి సపోర్ట్ ఆగింది. మా ల్యాబ్‌లో పన్నెండు మెషిన్లు, ఒక్కోదాంట్లో 512 ఎంబీ ర్యామ్. అన్నీ ఆన్ అవుతున్నాయి, అన్నీ పనిచేస్తున్నాయి. నేను ఆఫీసు గదికి వెళ్లి, “నాకు ఒక్క ఆదివారం ఇవ్వండి సార్. విండోస్ బదులు లుబుంటు అనే ఉచిత లినక్స్ వేస్తాను. డీవీడీల ఖర్చు తప్ప ఇంకేం ఉండదు” అని అడిగాను. “ఊరికే వచ్చేదాన్ని నమ్ముకుంటే పేరెంట్స్ ఏమనుకుంటారు?” అన్నారు. మూడుసార్లు అడిగాను. వేసవి సెలవులు అయ్యి తిరిగి వెళ్లేసరికి గేటు దగ్గర ట్రాలీ ఆటో ఉంది. కుర్రాడొకడు వైర్లు విప్పకుండా కటింగ్ ప్లేయర్‌తో కత్తిరిస్తున్నాడు. సీపీయూలను కాటా మీద పెట్టి కిలోల లెక్కన తూచారు.

ఆ తర్వాత రెండేళ్లు ల్యాబ్‌లో బల్లలు మాత్రమే ఉన్నాయి. సిలబస్ మాత్రం ఆగదు కదా! పిల్లలు నోటుబుక్కులో రెండు పేజీల మీద అడ్డంగా స్కేలు పెట్టి కీబోర్డు గీసేవాళ్లు. ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు ఆ బొమ్మ మీద రెండు చేతులూ పెట్టి, ఎడమ చూపుడువేలు ఎఫ్ మీద, కుడి చూపుడువేలు జె మీద ఉంచి, టైపు చేస్తున్నట్టు నొక్కేవాడు. వేళ్ల చెమటకు అక్షరాల ఇంకు అలుక్కుపోయేది. వాడు మళ్లీ పెన్నుతో దిద్దుకునేవాడు. పదకొండేళ్లయింది. ఇప్పటికీ ఆ పేజీ నా కళ్ల ముందే ఉంది.

అందుకే మేడమ్ గారికి తిరిగి ఫోన్ చేసి అదే మాట అడిగాను. నాకు ఒక్క ఆదివారం ఇవ్వండి అని. ఆవిడ తాళం చెవి ఇచ్చారు. నేనీ సభకు వచ్చింది ఆవిడకు అందరి ముందూ కృతజ్ఞత చెప్పుకోవడానికి కూడా.

ఇప్పుడు అసలు ఏం చేశానో చెబుతాను. విండోస్ బదులు లినక్స్ వేశాను. విజయవాడ ఆటోనగర్ మీలో చాలామంది చూసే ఉంటారు. అక్కడికి లారీ ఛాసిస్ వస్తుంది: ఇంజనూ చక్రాలూ ఉంటాయి. ఇసుక తోలేవాడు ఒకరకం బాడీ కట్టించుకుంటాడు, పాల క్యాన్లు తోలేవాడు ఇంకో రకం. లినక్స్ కూడా అంతే. లోపల ఇంజన్ ఒకటి. మనకు తెర మీద కనిపించే మెనూలు, కిటికీలు, కింది పట్టీ కలిపి డెస్క్‌టాప్ ఎన్విరాన్‌మెంట్ అంటారు, అది బాడీ. గ్నోమ్, కేడీఈ ప్లాస్మా పెద్ద బాడీలు, కొత్త మెషిన్ల మీద చాలా అందంగా ఉంటాయి. పాత బండికి తేలిక బాడీ కావాలి. ఎక్స్‌ఎఫ్‌సీఈ అలాంటిది. ఫ్రాన్స్‌కు చెందిన ఒలివియే ఫోర్డాన్ 1996లో మొదలుపెట్టారు, దాని గుర్తు ఎలుక. తైవాన్‌కు చెందిన హోంగ్ జెన్ యీ 2006లో ఎల్‌ఎక్స్‌డీఈ మొదలుపెట్టారు. ఇప్పుడున్న ఎల్‌ఎక్స్‌క్యూటీ దాని వారసత్వమే.

మన మెషిన్లు 2009 నాటి కోర్ 2 డ్యుయోలు, 2 జీబీ ర్యామ్. ఇవి 64 బిట్‌వి కాబట్టి లినక్స్ రకాల్లో ఒకటైన డెబియన్, అందులో ఈ ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 తీసుకున్నాను. 32 బిట్ మెషిన్లకు డెబియన్ 13లో ఇన్‌స్టాలర్ లేదు, మీ ఇంట్లో ఉన్నది అలాంటిదైతే డెబియన్ 12 వెతుక్కోండి. నెట్‌ఇన్‌స్ట్ అనే చిన్న ఇన్‌స్టాలర్ ఫైలు (మిగతావి నెట్ నుంచి అదే తెచ్చుకుంటుంది) దించుకుని పెన్‌డ్రైవ్‌లో రాసి, దాని నుంచి బూట్ చేశాను. ముందే చెబుతున్నా, డిస్క్ మొత్తం తుడిచి వేస్తే పాత ఫైళ్లు పోతాయి, కావలసినవి ముందే వేరే చోటికి ఎత్తుకోండి. రూట్ పాస్‌వర్డ్ అడిగినచోట ఖాళీగా వదిలేస్తే మనం పెట్టుకున్న యూజర్‌కే సుడో హక్కు, అంటే మెషిన్‌లో మార్పులు చేసే అధికారం, వస్తుంది.

తమ్ముళ్లూ, ఇక్కడ కాస్త జాగ్రత్తగా వినండి. చివర్లో ‘సాఫ్ట్‌వేర్ ఎంపిక’ అని ఒక పేజీ వస్తుంది. అందులో గ్నోమ్‌కు ముందే టిక్ పెట్టి ఉంటుంది. పాత మెషిన్ల మీద లినక్స్ వేసినవాళ్లు చాలామంది ఆ పేజీ చదవకుండా ఎంటర్ కొట్టేస్తారు. పని అయిపోతుంది, కానీ మెనూ తెరిస్తే తెరుచుకోవడానికి తంటాలు. “లినక్స్ స్లో అండీ” అని పీకేస్తారు. స్లో అయింది లినక్స్ కాదు, బాడీ ఎంచుకోవడంలో తేడా వచ్చింది. గ్నోమ్ టిక్ తీసేసి ఎక్స్‌ఎఫ్‌సీఈకి టిక్ పెట్టండి. ఆ ఒక్క టిక్‌తోనే 2 జీబీ మెషిన్ బతుకుతుంది.

వేశాక రెండు పనులు చేశాను. సెట్టింగ్స్‌లో విండో మేనేజర్ ట్వీక్స్ తెరిచి, కంపోజిటర్ ఆపేశాను. నీడలు, మెరుపులు పోతాయి, వేగం వస్తుంది. జెడ్‌ర్యామ్ టూల్స్ పెట్టాను. అది మెమరీలో ఉన్నదాన్ని కుదించి సర్దుతుంది, పండక్కి చుట్టాలొస్తే మంచాలు సర్దినట్టు. ఏమీ తెరవకుండా చూస్తే మన మెషిన్‌లో వాడకం దాదాపు అర జీబీ.

ఉన్నమాట చెప్పాలి. డెస్క్‌టాప్ తేలికైనంత మాత్రాన వెబ్‌సైట్లు తేలిక కావు. బ్రౌజర్‌లో పది ట్యాబులు తెరిస్తే ఈ మెషిన్ ఆయాసపడుతుంది. హాల్‌టికెట్ తీసుకోవడానికి, నోటిఫికేషన్ చదువుకోవడానికి, లిబ్రెఆఫీస్‌లో అర్జీ టైపు చేసుకోవడానికి రెండు మూడు ట్యాబులు చాలు. వాటికి ఇది ఢోకా లేకుండా పనిచేస్తుంది.

మూడో మెషిన్ సంగతి వేరు. దానికి ‘వైరస్, వాడరాదు’ అని కాగితం అంటించి ఉంది. ఆన్ చేస్తే ఎఫ్1 నొక్కమంటుంది. నొక్కితే విండోస్ వస్తుంది, కానీ ఏ సైట్ తెరిచినా ‘కనెక్షన్ సురక్షితం కాదు’ అని ఎర్ర హెచ్చరిక. కింద మూలన తేదీ చూశాను: 1 జనవరి 2009. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది, సీఆర్2032 అంటారు. అది అయిపోతే గడియారం వెనక్కి పోతుంది. సైట్ అసలుదేనని చూపే సర్టిఫికెట్లు 2025వి, మెషిన్ తేదీ 2009, ఇక పొత్తు ఎలా కుదురుతుంది? సందు చివర వాచీల షాపులో 50 రూపాయల లోపు బ్యాటరీ కొని వేశాను. వైరస్ లేదు, ఏమీ లేదు. ఎన్నాళ్లు ఆ కాగితం అంటించుకుని కూర్చుందో పాపం!

తెలుగు సంగతి చెప్పకపోతే ఈ గదిలో మాట్లాడినట్టే కాదు. డెబియన్ గ్రాఫికల్ ఇన్‌స్టాలర్ భాషల జాబితాలో తెలుగు కూడా ఉంది. తెలుగు ఫాంట్లు వేశాను. టైపింగ్‌కు ఐబస్ అనే సాఫ్ట్‌వేర్, దానికి తెలుగు కీబోర్డు పద్ధతులు ఉన్న ఎం17ఎన్ జోడించాను. ఇన్‌స్క్రిప్ట్ తెలిసినవాళ్లకు ఇన్‌స్క్రిప్ట్, ఇంగ్లీషు అక్షరాలతో అలవాటైనవాళ్లకు ఆర్‌టీఎస్. ఇక్కడ ముందు వరసలో కూర్చున్న పెద్దాయన, పేరు చెప్పను, మొన్న మొదటిసారి కీబోర్డు ముందు కూర్చున్నారు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ వాళ్ల మనవరాలి పేరు కొట్టారు. వత్తు సరిగ్గా పడేదాకా నాలుగుసార్లు చెరిపారు. పడ్డాక కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చదువుకున్నారు.

పెద్దలారా, 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం పెట్టారు. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం పెట్టారు. అక్కడి పాత పుస్తకాలకు సపోర్ట్ అయిపోయిందని ఎవరూ అనలేదు. అట్ట చిరిగితే బైండింగ్ చేయించారు. ఇప్పటికీ పరిశోధకులు వెళ్లి చదువుతున్నారు. ఈ సాఫ్ట్‌వేర్‌ది కూడా అదే దారి: వాడుకో, లోపల చూసి నేర్చుకో, అవసరమైతే మార్చుకో, నలుగురికీ పంచు. గ్రంథాలయంలో ఉండాల్సిన సాఫ్ట్‌వేర్ ఇదేనని నా గట్టి నమ్మకం.

టైమ్ అయిందని మేడమ్ గారు సైగ చేస్తున్నారు, ఒక్క నిమిషం. డిగ్రీ పిల్లలూ, మీ కాలేజీల్లో, మీ ఊరి బడుల్లో దుప్పట్ల కింద మెషిన్లు ఉన్నాయి. అవి కాటా ఎక్కకముందే వెళ్లి అడగండి. ఒకసారి కాదంటే మూడుసార్లు అడగండి. నేను మూడోసారి దగ్గర ఆగిపోయాను, నాలుగోసారి అడిగి ఉండాల్సింది.

వచ్చే ఆదివారం పొద్దున పదింటికి వెనక గది తెరిచి ఉంటుంది. నా దగ్గర మూడు పెన్‌డ్రైవ్‌లు ఉన్నాయి. మీ ఇంట్లో అటక మీద ఉన్నది తీసుకురండి, ఛార్జర్ మర్చిపోకండి. ఇంకో మాట, నాలుగో మెషిన్‌లో హార్డ్ డిస్క్ పూర్తిగా పోయింది. ఎవరి దగ్గరైనా పక్కన పడేసిన సాటా డిస్క్ ఉంటే, 80 జీబీదైనా సరే, తెచ్చివ్వండి.