రంగం స్టీమరు ఏ దేశం పాఠంలోకి వస్తుంది?

నమస్తే. ఒడిశాలోని గోపాలపూర్ బీచ్‌లో నిలబడి మాట్లాడుతున్నాను, అలల హోరుకి కొంచెం ఓర్చుకోండి.

పోయిన వీడియో కింద ఒకాయన అడిగారు: “ప్రపంచ చరిత్రంటే అన్ని దేశాల చరిత్రలూ కలిపి బైండింగ్ చేసిందే కదా సార్, దానికి మళ్ళీ వేరే సబ్జెక్టెందుకు?” బరంపురంలో పోటీ పరీక్షలకి చదివే పిల్లలూ ఇదే అంటారు. విన్నప్పుడల్లా ఒళ్ళు మండుతుంది.

ఒకప్పుడు ఈ రేవులోనే స్టీమరెక్కి మన తాతలు రంగం వెళ్ళేవారు. రంగం ఎక్కడో మన ఊళ్ళలో చెప్పక్కర్లేదు. బయటివాళ్ళ కోసం చెప్తున్నా, రంగూన్. అక్కడ ఓడల దగ్గర మూటలు మోసేవారు, బియ్యం మిల్లుల్లో పనిచేసేవారు. మరి ఆ స్టీమర్ని ఏ పుస్తకంలో పెడదాం? భారతదేశం పుస్తకంలో పెడితే కథ సముద్రం మధ్యలో ఆగిపోతుంది. బర్మా పుస్తకంలో పెడితే కూలీ ఆకాశం నుంచి ఊడిపడ్డట్టుంటాడు. పోనీ రాష్ట్రం? 1936 ఏప్రిల్ 1కి ముందు ఎక్కినవాడిది మద్రాసు ప్రెసిడెన్సీ, తర్వాత ఎక్కినవాడిది ఒరిస్సా. సరిగ్గా ఏడాదికి, 1937 ఏప్రిల్ 1న, బర్మా కూడా ఇండియా నుంచి విడిపోయింది. స్టీమరు అదే, ఎక్కినవాడూ వాడే. గీతలే జరిగాయి. (ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా చదివిన మనకి ఇది కొత్తేటి?)

అందుకే కొందరు చరిత్రకారులు దేశాన్ని పక్కన పెట్టి, బంగాళాఖాతాన్నే ఒక ఊరనుకుని చూస్తారు. ఈ ఒడ్డు ఒక వీధి, ఆ ఒడ్డు ఇంకో వీధి. అప్పుడు స్టీమరు ఎందుకు నిండిందో తెలుస్తుంది. 1852లో దిగువ బర్మా ఇంగ్లీషువాళ్ళ చేతికి చిక్కింది. అక్కడి ఐరావతి నది డెల్టాలో అడవులు కొట్టి వరి వేశారు. 1869లో సూయజ్ కాలువ తెరుచుకుని ఐరోపాకి దారి దగ్గరైంది, బియ్యం ఎగుమతి పెరిగింది, మూటలు మోసే భుజాలు కావలసి వచ్చాయి. ఎక్కడో ఈజిప్టులో తవ్విన కాలువకీ మన గంజాం జిల్లా పల్లెలో తాళం పడిన ఇంటికీ మధ్య ఉన్న ఈ దారే ప్రపంచ చరిత్ర. ఏ ఒక్క దేశం పుస్తకంలోనూ ఇది పూర్తిగా దొరకదు.

ఇది మొదటి పద్ధతి. ఇక రెండోది, కాలం సంగతి. బ్రోడెల్ అనే ఫ్రెంచి చరిత్రకారుడు మధ్యధరా సముద్రం మీద రాస్తూ కాలాన్ని మూడు పొరలు చేశాడు. మన స్టీమరుకి అతికించి చూడండి. అడుగు పొర రుతుపవనాలు, అవి తరాలు గడిచినా మారవు. మధ్య పొర బియ్యం ధర, అది దశాబ్దాల మీద పెరిగి 1930ల ఆర్థిక మాంద్యంలో కూలింది. పై పొర 1941 డిసెంబరు 23, రంగం మీద జపాన్ బాంబులు. మన ఇళ్ళలో బామ్మలు చెప్పేది ఈ పై పొరే, కాలినడకన తిరిగొచ్చిన కథ. కింది రెండూ ఎవరూ చెప్పరు.

బ్యాటరీ ఎర్రగా మెరుస్తోంది, గబగబా చెప్పేస్తా. మూడో పద్ధతి పోల్చడం: రంగం వెళ్ళినవాడు మేస్త్రీ, అంటే కూలీల్ని కుదిర్చి తీసుకెళ్ళేవాడు, ఇచ్చిన అడ్వాన్సుకి కట్టుబడితే, దక్షిణాఫ్రికాలోని నాటాల్ చెరకు తోటలకి వెళ్ళినవాడు గిరిమిట్ కాగితానికి, అంటే ఇన్నేళ్ళు పనిచేస్తానని రాసిచ్చిన ఒప్పందానికి, కట్టుబడ్డాడు. ఎవరికి తిరుగు దారి సులువు? కామెంట్లో రాయండి. ప్రాచీన, మధ్య, ఆధునిక యుగాలంటూ బట్టీ పట్టేది ఐరోపా వాళ్ళు తమ కథకి కొలిచి కుట్టుకున్న చొక్కా, అది మనకి ఎక్కడ బిగుసుకుంటుందో ఇంకో వీడియోలో. మీ ఇంట్లో రంగం నుంచొచ్చిన పెట్టె ఉంటే, మూత లోపలి వైపు ఏమైనా రాసుందేమో కొంచెం చూ—