గద్ద తన్నుకుపోకుండా కోడిపిల్లలకు వల పందిరి

నమస్కారమండి. పొద్దున గంప ఎత్తినప్పుడు లెక్క సరిగ్గానే ఉంటుంది, సాయంత్రం మూసేటప్పుడు రెండు పిల్లలు తగ్గుతాయి. పెరట్లో నాటు కోళ్లు పెంచే ప్రతి ఇంట్లోనూ ఇదే బాధ.

వల కొనే ముందు ఎత్తుకుపోతున్నదేదో తేల్చుకోండి. పట్టపగలు పిల్ల మాయమై, ఒక్క ఈక కూడా దొరక్కపోతే చాలావరకు అది గద్దే. పైన తిరుగుతూ చూసి, ఖాళీ నేల మీదికి దిగి, ఆగకుండా తన్నుకుపోతుంది. గోడ పక్కనో చెట్టు కిందో ఈకలు కుప్పగా కనిపిస్తే జాలె డేగను అనుమానించాలి. అది ఆకుల చాటున కూర్చుని, నేలకు తక్కువ ఎత్తులో పక్కనుంచి దూసుకొస్తుంది. తల్లి కాస్త ఎడమైతే చాలు, పసిపిల్లల్ని కాకి కూడా వదలదు. రాత్రి గూట్లోంచి పోతుంటే మాత్రం పిల్లినో పామునో చూసుకోండి. దానికి గూడు బాగుచేయాలి, ఈ పందిరి పనికిరాదు.

పక్కనుంచి వచ్చే డేగ ఉంది కాబట్టి పైన ఒక్కచోటే వల కడితే సగం పనే అయినట్టు.

20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు తీసుకుందాం. పిల్లలున్న రెండు తల్లికోళ్లకు సరిపోతుంది. 9 అడుగుల సర్వి కర్రలు 6 కావాలి. పొడవు వైపు మూడేసి చొప్పున, 2 అడుగులు లోతు పాతండి. పైన 7 అడుగులు మిగులుతుంది, మనిషి వంగకుండా తిరగొచ్చు. కర్రల తలలకు పాత సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టండి, లేకపోతే గాలికి రాసుకుని వల అక్కడే చిరుగుతుంది. తలల మీదుగా చుట్టూ జీఐ తీగ (జింకు పూత ఉన్న ఇనుప తీగ) లాగి, మధ్యలో నిలువునా ఒకటి, అడ్డంగా ఒకటి కట్టండి. ముడులతో కలిపి 100 అడుగుల తీగ పడుతుంది.

ఇక వల. 2 అంగుళాల కన్నున్న మందపాటి నైలాన్ వల, 36 అడుగులకు 26 అడుగులు, ఒకే ముక్క. నాలుగు వైపులా 7 అడుగులు కిందికి దిగి, ఇంకో అడుగు నేల మీద పరుచుకుంటుంది. దాని మీద రాళ్లు పేర్చండి. మూలల్లో మిగిలిన వల మడిచి మూడు మూలలు కుట్టేయండి. నాలుగోది కుట్టకుండా కొక్కేలతో తగిలిస్తే అదే తలుపు.

ఎక్కువమంది ఇక్కడే పొరపాటు చేస్తారు. 2 అంగుళాల కన్నులోంచి పసిపిల్ల బయటికి దూరిపోతుంది, తల్లి లోపలే ఉండిపోతుంది. ఇక కాకికి అడ్డేముంది? అందుకే కింద చుట్టూ 2 అడుగుల ఎత్తున అర అంగుళం జాలీ కట్టండి, 60 అడుగులు కావాలి.

వల బిగువుగా ఉండాలి. వదులుగా వేలాడితే పక్షి గోళ్లు చిక్కుకుంటాయి. కంటికి ఆనని సన్న దారపు వల అసలు వద్దు, పక్షులు గుద్దుకుని చచ్చిపోతాయి. గద్దల్నీ డేగల్నీ చంపడం, విషం పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. పైగా ఆ విషం మీ కుక్కా తింటుంది, మీ కోడీ తింటుంది. ఏదైనా చిక్కుకుంటే గుడ్డ కప్పి, వల కోసి వదలండి. దెబ్బ తగిలితే అటవీ శాఖకు చెప్పండి.

ఆరు వారాలు దాటాక బయటికి వదలొచ్చు. అయితే వనరాజా, గ్రామప్రియ లాంటి మెరుగుపరిచిన పెరటి కోళ్ల పిల్లల్ని బల్బు కింద పెంచుతాం కదా, కూసి హెచ్చరించే తల్లి వాటికి ఉండదు. వనరాజా ఒళ్లు బరువు, తొందరగా పరిగెత్తలేదు కూడా. వాటితో ఒక నాటు పుంజును వదలండి. గద్ద నీడ పడగానే అది కూస్తుంది. ఆ కూత విని దూరడానికి చోటుండాలి కాబట్టి పెరట్లో ప్రతి 10, 15 అడుగులకు కొబ్బరి మట్టలు గుడిసెలా వాల్చి పెట్టండి.

చేపలు, కోడిమాంసం శుభ్రం చేసిన చెత్త పెరట్లో పారేయకండి, గద్దల్ని మనమే పిలిచినట్టవుతుంది. పాత సీడీలు వేలాడదీస్తే కొన్నాళ్లే భయపడతాయి. కడితే రెండు మూడు రోజులకోసారి చోటు మార్చండి.