చెరువు పోయింది, పల్లం ఉండిపోయింది

సభకు నమస్కారం.

మనం కూర్చున్న ఈ చెన్నై టి.నగర్‌లో వందేళ్ల కిందట చెరువు ఉండేది. నుంగంబాక్కం నుంచి దక్షిణంగా సాగిన పొడుగాటి చెరువు. ఇంగ్లీషువాళ్లు లాంగ్ ట్యాంక్ అనేవారు. 1920లలో దాన్ని ఎండగట్టి, పూడ్చి, ఇళ్ల స్థలాలు వేశారు. పేటకు పిట్టి త్యాగరాయ చెట్టి గారి పేరు, మధ్యలో పార్కుకు పానగల్ రాజా గారి పేరు పెట్టారు. ఇద్దరూ తెలుగువాళ్లే. అందుకే ఇది మన కథ కూడా అనుకుంటాను.

చెరువు పోయినా పేర్లు మిగిలాయి. పడమటి మాంబళంలో లేక్ వ్యూ రోడ్డు ఉంది, నుంగంబాక్కంలో ట్యాంక్ బండ్ రోడ్డు ఉంది. పేర్లతో పాటు పల్లం కూడా మిగిలింది. 2021 నవంబరు వానలకు మా వీధిలో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. ఇంటి ముందు స్కూటర్ సైలెన్సర్ మునిగిపోయింది. రెండు వీధుల అవతల మాత్రం రోడ్డు మీద ముగ్గులు వేసుకుంటున్నారు! పాత మ్యాపు చూశాక గానీ సంగతి తెలియలేదు. ఆ వీధి కట్ట వైపు ఉంది, మాది చెరువు కడుపులో ఉంది.

మద్రాసు నేల బల్లపరుపు. వాన చాలావరకు అక్టోబరు నుంచి డిసెంబరు లోపు, కొద్ది రోజుల్లోనే కుమ్మరించి పోతుంది. అందుకే పెద్దలు గొలుసుకట్టు చెరువులు తవ్వారు. పై చెరువు నిండితే అలుగు పారి కింది చెరువుకు చేరేది. తూము కింద పొలం, ఎత్తున ఊరు. నీళ్లను బట్టే ఊరు కుదురుకుంది.

1872లో ఊరి బయటి రెడ్ హిల్స్ చెరువు నుంచి ఊళ్లోని కీల్పాక్‌కు నీళ్లు రావడంతో లెక్క తిరగబడింది. కుళాయి వచ్చాక చెరువుతో పని తీరిపోయిందనుకున్నారు. కానీ వరదను పట్టి ఉంచింది, బావుల్లో ఊట నిలిపింది ఆ చెరువే. ఆ రెండు పనులూ ఎవరూ లెక్కలో వేసుకోలేదు. దగ్గరి చెరువును పూడ్చి, నీళ్ల కోసం ఇంకా దూరం వెళ్లాం. 1944లో పూండి జలాశయం కట్టారు. 1983లో ఎన్టీఆర్, ఎమ్జీఆర్ ముఖ్యమంత్రులుగా ఉండగా తెలుగుగంగ ఒప్పందం కుదిరింది. శ్రీశైలం నుంచి వెలుగోడు, సోమశిల, కండలేరు దాటి కృష్ణ నీళ్లు 1996లో పూండి చేరాయి. ఏటా 12 టీఎంసీలు రావాలి. చాలా ఏళ్లు అంతకన్నా బాగా తక్కువే వచ్చాయి.

ఇక పాత మహాబలిపురం రోడ్డు వైపు చూడండి. పళ్లికరణై చిత్తడి నేలను చాలావరకు మింగి లేచిన అపార్ట్‌మెంట్లు. పైపు రాకముందే మనుషులు వచ్చేశారు. అందుకని ఇల్లే ట్యాంకర్‌ను బట్టి కడుతున్నారు. గేటు పక్కనే సంపు, దాని మూత లారీ పైపుకు అందేంత దూరంలో. రాత్రి రెండింటికి హారన్ వినగానే వాచ్‌మన్ లేచి మూత తీస్తాడు. ఆ నీళ్లు ఎక్కడో పల్లెటూరి పొలం బావివి. ఆ రైతు సంగతి తలచుకుంటే నాకు మనసు కుదురుగా ఉండదు.

2003లో ప్రతి భవనానికీ వాననీటి సేకరణ తప్పనిసరి చేశారు. ఈ ఊళ్లో నేను చూసిన మంచి పనుల్లో అదొకటి. మా పక్కింటివాళ్లు డాబా మీది పైపును తిన్నగా పాత బావిలోకి దింపారు. 2019 వేసవిలో పెద్ద చెరువులన్నీ ఎండి, జూలైలో జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్లు తెప్పించుకున్నాం కదా. అప్పుడూ ఆ బావిలో చేద మునిగేది. వీధంతా రోజుకు ఇంటికి రెండు బిందెల చొప్పున తోడుకున్నాం.

మన వీధుల్లో అలాంటి బావులు ఇంకా ఎన్ని ఉన్నాయో ఎవరి దగ్గరా జాబితా లేదు. తలుపు దగ్గర ఒక నోటు పుస్తకం పెట్టాను. వెళ్లేముందు మీ ఇంట్లో బావి ఉందా, పూడ్చేశారా, పూడిస్తే ఏ మూల పూడ్చారు అన్నది రాసి వెళ్లండి.