స్టేడియంలో మెరిసిన సిగ్నల్ కొబ్బరి తోట దాటుతుందా?

(అమలాపురం స్టూడియో చర్చ నుంచి కొంత భాగం)

యాంకర్: ఒలింపిక్స్ వచ్చినా, వరల్డ్ కప్ వచ్చినా ఏదో ఒక కొత్త ఫోన్ టెక్నాలజీ చూపిస్తారు. ఎందుకండీ?

ఇంజినీరు: ప్రపంచమంతా చూసేది అప్పుడే కదండీ. 2002 ఫుట్‌బాల్ వరల్డ్ కప్‌ జపాన్, కొరియా కలిసి జరిపాయి. జపాన్‌లో డొకోమో అనే ఫోన్ కంపెనీ డబ్ల్యూసీడీఎంఏ అనే 3జీ పద్ధతిని ముందుకు తెస్తే, కొరియా దానికి పోటీ పద్ధతి సీడీఎంఏ 2000తో దిగింది. 2008 బీజింగ్ నాటికి చైనా సొంతంగా టీడీ-ఎస్‌సీడీఎంఏ అనే మరో 3జీ పద్ధతి తెచ్చింది. విదేశీ పేటెంట్ల మీద ఆధారపడకూడదని వాళ్ల పట్టుదల. కానీ చైనా బయట దాన్ని పెద్దగా ఎవరూ తీసుకోలేదు.

సెల్ షాపు యజమాని: అసలు సంగతి అక్కడే ఉందండీ. ఇక్కడికి సీడీఎంఏ వచ్చిన కొత్తలో చాలా ఫోన్లకు సిమ్ ఉండేది కాదు. కంపెనీ నచ్చక మారదామంటే ఫోనే పక్కన పడేయాలి. జీఎస్‌ఎం అనే ఇంకో పద్ధతి ఫోన్ అయితే సిమ్ మార్చుకుంటే సరిపోయేది. పాత ఫోన్ అమ్మినా నాలుగు డబ్బులొచ్చేవి. గల్ఫ్ నుంచి మనవాళ్లు తెచ్చేవీ అవే. కోనసీమ జనం ఏ ఆటా చూసి జీఎస్‌ఎం ఎంచుకోలేదండీ.

యాంకర్: అయితే చైనా శ్రమంతా వృథాయేనా?

ఇంజినీరు: అలా అనలేం. చైనా పద్ధతిలో ఉన్నట్టే, పంపడానికీ, అందుకోవడానికీ ఒకే ఫ్రీక్వెన్సీని వంతులవారీగా వాడే పద్ధతి 4జీలో టీడీ-ఎల్‌టీఈగా నిలబడింది. మన దేశంలో 2300 మెగాహెర్ట్జ్ 4జీ ఆ పద్ధతిదే.

యాంకర్: మరి 5జీ?

ఇంజినీరు: 2018 ప్యాంగ్‌చాంగ్ వింటర్ ఒలింపిక్స్‌లో కొరియా ఫోన్ కంపెనీ కేటీ దాన్ని 28 గిగాహెర్ట్జ్‌లో చూపించింది. అంతర్జాతీయ స్టాండర్డ్ ఖరారయ్యేదాకా ఆగకుండా తమ స్పెసిఫికేషన్ (సాంకేతిక నియమాలు) ముందే రాసుకున్నారు. అమెరికాలో వెరైజాన్ అనే ఫోన్ కంపెనీ కూడా విడిగా ఒకటి రాయించుకుంది.

షాపు యజమాని: ఆ 28 మన తోటల్లో పనిచేస్తుందా అండీ?

ఇంజినీరు: కష్టమండీ. అంత ఎక్కువ ఫ్రీక్వెన్సీ దూరం పోదు, గోడ దాటదు. ఆకులు అడ్డొస్తేనే బలహీనపడుతుంది, తడి ఆకులైతే మరీను. స్టేడియంలో యాంటెన్నాలు బిగించి, ఎదురుగా కూర్చున్న వేలమందికి ఇవ్వడానికి అద్భుతంగా ఉంటుంది. మన లంక గ్రామాలకు కావలసింది 700 మెగాహెర్ట్జ్ లాంటి తక్కువ ఫ్రీక్వెన్సీ. మన దేశంలో 2022 వేలంలో ఆ 700తో పాటు, 28కి దగ్గరగా ఉండే 26 గిగాహెర్ట్జ్ కూడా అమ్మారు. పేరుకి రెండూ 5జీయే. అందుకే టవర్ వచ్చిందంటే సంబరపడకుండా, ఏ బ్యాండో, అంటే ఏ ఫ్రీక్వెన్సీనో అడగాలంటాను.

షాపు యజమాని: ఇంకోటి కూడా అడగాలండీ. 2022 జూలైలో గోదావరికి వరదొచ్చినప్పుడు లంకల్లో కరెంటు లేదు. అప్పుడు టవర్ ఎన్ని గంటలు నిలబడుతుంది?

ఇంజినీరు: దానికి ఏ స్టాండర్డూ జవాబు చెప్పదండీ. బ్యాటరీ ఎంత పెట్టారు, డీజిల్ ఎవరు పడవలో తీసుకెళ్తారు, అదే లెక్క.