గుండెకు తీగ: ఎప్పుడు పరుగెత్తాలి, ఎప్పుడు ఆగి అడగాలి

పెద్దలందరికీ నమస్కారం. నేను డాక్టర్ని కాదండీ, క్యాథ్ ల్యాబ్‌లో, అంటే గుండెకు తీగ వేసే గదిలో నర్సుని, ఇరవై ఏళ్లు దాటింది. లోపల డాక్టర్‌గారు తీగ నడుపుతుంటే పక్కన నిలబడి మానిటర్ చూసేది, తలుపు తీసుకుని బయటికొచ్చి ఇంటివాళ్లకు కబురు చెప్పేది మేమే. ఆ బయటి కుర్చీల్లో కూర్చున్నవాళ్ల ముఖాలు ఇన్నేళ్లుగా చూస్తున్నాను కాబట్టి, ఆసుపత్రి గుమ్మం ఎక్కకముందే మీకు కొన్ని మాటలు చెప్పాలని ఈరోజు వచ్చాను.

ముందు ఆ తీగ సంగతి. మణికట్టు దగ్గరో గజ్జల్లోనో చిన్న రంధ్రం చేసి, సన్నటి గొట్టాన్ని రక్తనాళం వెంట గుండె దాకా పంపిస్తారు. దాన్నే క్యాథెటర్ అంటాం. నాళం లోపల గొట్టం కదిలినా నొప్పి తెలీదు, అందుకే చాలామంది మెలకువగానే ఉండి మాతో మాట్లాడుతుంటారు. దీన్ని మొదట చేసింది 1929లో, జర్మనీలోని ఎబర్స్‌వాల్డె అనే ఊళ్లో, వెర్నర్ ఫోర్స్‌మన్ అనే పాతికేళ్ల డాక్టర్. పైవాళ్లు వద్దన్నారు. సామాన్ల బీరువా తాళం చెవి గెర్డా డిట్జెన్ అనే నర్సు దగ్గర ఉంది. ఆవిడ ప్రయోగం నా మీదే చేయండి అంది. ఆయన సరేనన్నట్టు ఆవిడను బల్లకు కట్టేసి, గొట్టాన్ని తన చేతి సిరలోకే ఎక్కించుకున్నాడు, తర్వాత ఆవిడతో కలిసి మెట్లు దిగి ఎక్స్‌రే గదికి నడిచాడు! 1956లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఒప్పుకున్న ఆ నర్సు ధైర్యం కూడా నాకు చిన్నదిగా కనిపించదు, అందుకే ఎక్కడ మాట్లాడినా ఆవిడ పేరు చెబుతాను.

ఆ గొట్టం చివర బెలూన్ పెట్టి గుండె రక్తనాళంలో అడ్డు తీసింది ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్, 1977 సెప్టెంబర్ 16న, జ్యూరిక్‌లో. బెలూన్లను తన వంటింటి బల్ల మీదే తయారు చేసుకున్నాడు. ఆ మొదటి రోగికి 38 ఏళ్లు, పదేళ్ల తర్వాత చూసినా ఆ నాళం తెరుచుకునే ఉంది. స్టెంట్, అంటే నాళం మళ్లీ మూసుకుపోకుండా పట్టి ఉంచే లోహపు జాలీ, 1986లో వచ్చింది.

ఇక అందరూ అడిగేది: "సిస్టర్, స్టెంట్ వేయించాలా వద్దా?" జబ్బు ఏ దశలో ఉందో తెలీకుండా దీనికి జవాబు లేదు.

గుండెపోటు అయితే పరుగెత్తాలి. నాళంలో పేరుకున్న కొవ్వు పొర చిట్లి, దాని మీద రక్తం గడ్డకట్టి దారి పూర్తిగా మూసుకుంటుంది, అక్కడి నుంచి ప్రతి నిమిషం కండరం చచ్చిపోతూనే ఉంటుంది. ఆసుపత్రిలో అడుగుపెట్టిన 90 నిమిషాల్లోపు బెలూన్ పడాలని మేం గడియారం చూసుకుంటాం. కానీ ఇంట్లో పోయిన గంటలను మేం తిరిగి తేలేం కదండీ. గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకుని, తెల్లారాక మొదటి బస్సుకు బయల్దేరి వచ్చిన రైతును చూశాను. ప్రాణం దక్కింది, గుండె బలం మాత్రం సగానికి పడిపోయింది, మళ్లీ పొలంలో దిగలేకపోయాడు. ఛాతీలో బరువు, చెమటలు, ఎడమ చేతికో దవడకో లాగడం ఉంటే 108కి ఫోన్ చేయండి. ముందు దగ్గర్లో ఈసీజీ తీసే చోటికి చేరాలి. అక్కడ క్యాథ్ ల్యాబ్ లేకపోయినా గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చి పెద్దాసుపత్రికి పంపుతారు. షుగర్ ఉన్నవాళ్లకు, ఆడవాళ్లకు నొప్పి లేకుండా ఒట్టి ఆయాసంగా, నీరసంగా కూడా రావచ్చు.

రెండోది ఇందుకు పూర్తిగా వేరు. మెట్లెక్కితే నొప్పి, కూర్చుంటే తగ్గుతుంది, నెలల తరబడి అలాగే ఉంది. యాంజియోగ్రామ్‌లో, అంటే రంగు మందు ఎక్కించి గుండె నాళాలకు తీసే ఎక్స్‌రేలో, 70 శాతం బ్లాక్ అన్నారు, సంతకం పెట్టమన్నారు, ఇంటిల్లిపాదికీ టెన్షన్. ఇక్కడ ఆగి అడగొచ్చు. 5,000 మందికి పైగా ఇలాంటి రోగులతో చేసిన ఇస్కీమియా అనే పెద్ద అధ్యయనం ఫలితాలు 2020లో అచ్చయ్యాయి. అందులో మన దేశం వాళ్లూ ఉన్నారు. మంచి మందులతో పాటు మొదట్లోనే స్టెంటో, అడ్డు పక్కనుంచి రక్తానికి కొత్త దారి కుట్టే బైపాస్ ఆపరేషనో చేసినవాళ్లకూ, మందులతో మొదలుపెట్టినవాళ్లకూ చావుల్లో తేడా కనిపించలేదు. నొప్పి తగ్గడంలో మాత్రం మొదటివాళ్లకు లాభం ఉంది, అది చిన్న విషయమేం కాదు. ఎడమ వైపు ప్రధాన నాళంలో అడ్డు ఉన్నవాళ్లను, గుండె బాగా బలహీనపడ్డవాళ్లను ఆ అధ్యయనంలో చేర్చలేదు, వాళ్ల లెక్క వేరు. కాబట్టి ఏ నాళం, గుండె ఎంత బాగా పంపు చేస్తోంది, మందులు సరిగ్గా వాడి చూశామా అని అడగండి. షుగర్ ఉండి మూడు నాళాలూ దెబ్బతింటే చాలామందికి బైపాసే మేలు, అది కూడా అడగండి. అడిగితే డాక్టర్‌గారికి కోపం వస్తుందేమో అని భయపడకండి.

ధర సంగతి చెప్పకపోతే తప్పవుతుంది. మందు పూత ఉన్న స్టెంట్‌కు ఒకప్పుడు లక్ష దాటి కట్టినవాళ్లున్నారు. 2017 ఫిబ్రవరిలో కేంద్రం దాన్ని సుమారు 30 వేలకు కట్టడి చేసింది, తర్వాత కొంత పెరిగింది. 1990ల్లోనే హైదరాబాద్‌లో డాక్టర్ సోమరాజు, అబ్దుల్ కలాం కలిసి తక్కువ ధర స్టెంట్ తెచ్చారని మనవాళ్లు చాలామంది మర్చిపోయారు. బిల్లులో స్టెంట్ ధర విడిగా చూపించమని అడిగే హక్కు మీకుంది.

మూడోది వాల్వ్‌లు, అంటే గుండెలో రక్తం వెనక్కి రాకుండా ఆపే కవాటాలు. నాకు బాగా బాధ కలిగించేది ఇదే, ఎందుకంటే ఇక్కడ ఎవరూ తొందరపడరు. చిన్నప్పుడు గొంతు నొప్పి, తర్వాత కీళ్లు వాచి జ్వరం, అది గుండె వాల్వ్‌లను పాడుచేసే రుమాటిక్ జ్వరం అని ఇంట్లో ఎవరికీ తెలీదు. పదిహేనేళ్ల తర్వాత ఆ అమ్మాయి కడుపుతో ఉన్నప్పుడు ఆయాసం మొదలవుతుంది, కడుపుతో ఉంటే మామూలేలే అంటారు. ఎకో, అంటే గుండె స్కానింగ్ తీస్తే, గుండె ఎడమ గదుల మధ్య ఉండే మైట్రల్ వాల్వ్ దారి, 4 చదరపు సెంటీమీటర్లు ఉండాల్సింది, ఒక్క చదరపు సెంటీమీటరుకు కుంచించుకుపోయి ఉంటుంది. జపాన్‌కు చెందిన కాంజి ఇనౌయే 1982లో దీనికి మొదటిసారి బెలూన్ వాడాడు. గజ్జల్లోని సిర నుంచి వెళ్లి, గుండె గదుల మధ్య గోడకు చిన్న రంధ్రం చేసి, వాల్వ్ మధ్యలో బెలూన్ ఉబ్బిస్తారు, అతుక్కుపోయిన అంచులు విడిపోతాయి. బెలూన్ ఉబ్బిన కొద్దిసేపటికే ఆ పిల్ల వెల్లకిలా పడుకుని హాయిగా ఊపిరి తీసుకోవడం చూస్తే నాకు ఇప్పటికీ కళ్లు చెమ్మగిల్లుతాయి. అన్ని వాల్వ్‌లకూ కుదరదు, బాగా సున్నం పట్టినా, ఎక్కువగా లీక్ అవుతున్నా ఆపరేషనే చేయాలి. రుమాటిక్ జ్వరం వచ్చిన పిల్లలకు మూడు వారాలకోసారి వేసే పెన్సిలిన్ ఇంజెక్షన్ మాన్పించొద్దమ్మా.

పెద్దవయసులో మూసుకుపోయేది అయోర్టిక్ వాల్వ్, అంటే గుండె నుంచి ఒంటికి రక్తం వెళ్లే దారిలోది. నడిస్తే ఆయాసం, ఛాతీ నొప్పి, ఉన్నట్టుండి కళ్లు తిరిగి పడిపోవడం, ఈ మూడింటిలో ఒకటి కనిపించాక వాల్వ్ మార్చకపోతే చాలామంది రెండు మూడేళ్లకు మించి బతకరు. మనమేమో వయసు కదా అని సర్దుకుంటాం. ఛాతీ కోసే శక్తి లేనివాళ్ల కోసం ఫ్రాన్స్‌లోని రువాన్‌లో అలెన్ క్రిబియే 2002 ఏప్రిల్‌లో మొదటిసారి క్యాథెటర్‌తో కొత్త వాల్వ్ అమర్చాడు. ఆవు గుండె పైపొరతో చేసిన వాల్వ్‌ను మడిచి తీసుకెళ్లి, పాతదాని లోపలే విప్పుతారు. దీన్నే టావీ అంటాం. గుజరాత్‌లోని వాపిలో కూడా ఇలాంటి వాల్వ్ తయారవుతోంది, అయినా మొత్తం ఖర్చు ఇంకా పది లక్షలు దాటుతోంది, అది నాకు మింగుడు పడదు. కొందరికి తర్వాత పేస్‌మేకర్, అంటే గుండె కొట్టుకోవడాన్ని నడిపించే చిన్న పరికరం, కావాల్సి వస్తుంది, పక్షవాతం ప్రమాదం కొద్దిగా ఉంది. వయసు తక్కువ ఉన్నవాళ్లకు ఆపరేషనే చెబుతారు.

చివరగా మాత్రలు. స్టెంట్ వేశాక ఇచ్చిన ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్‌ను పన్ను పీకించుకోవాలనో, తిరుపతి ప్రయాణమనో సొంతంగా ఆపేస్తే స్టెంట్‌లోనే గడ్డ కట్టి మళ్లీ మా బల్ల మీదికే వస్తారు. డిశ్చార్జ్ రోజు ఇచ్చిన స్టెంట్ కార్డు చాలామంది బీరువాలో దాచేస్తారు, అది జేబులో ఉండాలి. ఇవాళ కార్డులూ ఎకో కాగితాలూ తెచ్చుకున్నవాళ్లు అలా బెంచీ దగ్గరికి రండి, ఒక్కొక్కటీ చూసి డాక్టర్‌గారిని ఏం అడగాలో రాసిస్తాను.