పూరికప్పు మీద నిప్పురవ్వ: యాంటీసైకోటిక్ మందులు వాడేవారి చర్మం ఎండకు ఎందుకు కమిలిపోతుంది?

నమస్కారం. స్కిజోఫ్రీనియా అనే తీవ్ర మానసిక వ్యాధికి యాంటీసైకోటిక్ మందు వాడుతున్న మనిషి కాసేపు ఎండలో ఉండి వచ్చేసరికి ముఖం, మెడ, ముంజేతులు ఎర్రగా కమిలిపోతే, ఇంట్లో మొదట వినిపించే మాట ‘ఈ మందు పడలేదు, ఆపేద్దాం’ అన్నదే. ప్రేమతో అనే మాటే అయినా, అది విన్న ప్రతిసారీ నాకు ఆందోళన కలుగుతుంది.

పూరికప్పు ఇంటిని ఊహించుకోండి. ఆ కప్పు లోపలివారిని కాపాడుతుంది, కానీ దానిమీద నిప్పురవ్వ పడకూడదు. మందు ఆ కప్పు, ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఆ రవ్వలు. రెండూ కలిసినప్పుడే మంట పుడుతుంది.

అన్ని కప్పులూ ఒకేలా అంటుకోవు. 1952లో పారిస్‌లో జాన్ డెలే, పియర్ డెనికర్ అనే వైద్యులు మానసిక రోగుల చికిత్సలో వాడిన క్లోర్‌ప్రొమజైన్‌కు ఈ గుణం చాలా ఎక్కువ. తరువాత వచ్చిన ఓలాంజపైన్, రిస్పెరిడోన్ వంటి మందులతో ఇది అరుదుగానే కనిపిస్తుంది.

చర్మంలోకి చేరిన క్లోర్‌ప్రొమజైన్ అణువు ముఖ్యంగా అతినీలలోహిత కిరణాల్లో ఒక రకమైన యూవీ-ఏ శక్తిని పీల్చుకుని, తనలోని క్లోరిన్ పరమాణువును వదిలేసి, ఎదురైన దానితో చర్య జరిపే చురుకైన ముక్కగా మారి, చుట్టూ ఉన్న కణాల పొరలను దెబ్బతీస్తుంది. ఈ నష్టానికి రోగనిరోధక వ్యవస్థతో పని లేదు. కాబట్టి దీన్ని అలర్జీ అనడం సరికాదు. కమలడం కొద్ది గంటల్లోనే మొదలై, చొక్కా చేతి అంచు దగ్గర గీత గీసినట్టు ఆగిపోతుంది. నిజంగా అలర్జీ వల్ల వచ్చే రకం కూడా ఉంది. అది ఒకటి రెండు రోజులు ఆగి దురదతో బయటపడి, బట్ట కప్పిన చోటికి కూడా పాకవచ్చు.

మూసిన కిటికీ పక్కన కూర్చుంటే రవ్వలు రావని చాలామంది నమ్ముతారు. మామూలు గాజు మరో రకం అతినీలలోహిత కిరణాలైన యూవీ-బీని చాలావరకు ఆపుతుంది గానీ, 320 నుంచి 400 నానోమీటర్ల యూవీ-ఏలో పెద్ద భాగాన్ని లోపలికి వదిలేస్తుంది. ఎండ నుంచి కాపాడే సన్‌స్క్రీన్ పూత మీద రక్షణ ఎంతో చెప్పే ఎస్‌పీఎఫ్ అంకె కూడా ప్రధానంగా యూవీ-బీ గురించే చెబుతుంది కనుక, 30 లేదా అంతకన్నా ఎక్కువ ఉండటంతోపాటు ‘బ్రాడ్ స్పెక్ట్రమ్’ (రెండు రకాల కిరణాలనూ అడ్డుకునేది) అన్న మాట కూడా ఉందో లేదో చూడాలి. నా దృష్టిలో అన్నిటికన్నా నమ్మదగినవి నిండు చేతుల చొక్కా, వెడల్పు అంచు టోపీ.

సమయం అయిపోతోంది కాబట్టి మిగిలినవి త్వరగా చెబుతాను. క్లోర్‌ప్రొమజైన్‌ను పెద్ద మోతాదులో ఏళ్ల తరబడి వాడినవారిలో ఎండ తగిలే చర్మం నీలి బూడిద రంగుకు మారవచ్చు, కంటి కటకంలో మచ్చలు పేరుకోవచ్చు. అందుకే కంటి పరీక్ష అవసరం. కొన్ని యాంటీసైకోటిక్ మందులు చెమటను తగ్గిస్తాయి కాబట్టి వడదెబ్బ ప్రమాదం వేరుగా ఉంటుంది. డాక్సీసైక్లిన్ వంటి మందు తోడైతే కమిలే గుణం పెరగవచ్చు.

రవ్వకు భయపడి కప్పు పీకేస్తే భ్రమలు, భయాలు తిరిగి వచ్చే ముప్పు ఉంది. బొబ్బలు లేచినా, కమిలినచోటు మానకపోయినా ఫోటో తీసి వైద్యునికి చూపండి; మోతాదు తగ్గించాలో, మందు మార్చాలో ఆయన నిర్ణయించే వరకు మాత్ర ఆపకుండా నీడలో ఉండండి.